జపాన్ యానిమేషన్ ఫాంటసీ సినిమాల్లో అందరూ చెప్పే ఆ అద్భుతం ఎక్కడుంది? ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. ముప్పై దాటాయి, ఇంతవరకు జపాన్ యానిమేషన్ జోలికి వెళ్లలేదు, అందరూ గొప్పది గొప్పది అంటే 'స్పిరిటెడ్ అవే' పెట్టుకున్నారు, బాయిలర్ గదిలో ఆరు చేతుల ముసలాయన వచ్చేదాకా చూసి ఆపేశారు. విలన్ ఎవరో తెలియలేదు, ఏ రూల్స్ మీద నడుస్తోందో అర్థం కాలేదు, ఇది పిల్లలదో పెద్దలదో తేల్చుకోలేకపోయారు. లోపం నాలో ఉందా సినిమాలో ఉందా అని అడిగారు.

ఎవరిలోనూ లేదు, మొదలుపెట్టిన చోటే కొంచెం కష్టమైన చోటు. 'మై నైబర్ టోటోరో'తో మొదలుపెట్టండి. జపనీస్ ఆడియో, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్, మధ్యలో ఆపకుండా. 86 నిమిషాలే. తర్వాత 'కికీస్ డెలివరీ సర్వీస్', ఆ తర్వాత మళ్లీ 'స్పిరిటెడ్ అవే' మొదటి నుంచి. చూసేటప్పుడు మాయలు ఎప్పుడొస్తాయా అని ఎదురుచూడకుండా, అవి రాకముందు ఆ మనుషులు మామూలు పనులు ఎలా చేసుకుంటున్నారో చూడండి. మెట్లు దిగడం, చెప్పులేసుకోవడం, అన్నం తినడం, తడి గుడ్డతో నేల తుడవడం. మీరు అడిగిన అద్భుతం ముప్పాతిక భాగం అక్కడే ఉంది.

నేను హైదరాబాద్‌లో యానిమేషన్ స్టూడియోల్లో బ్యాక్‌గ్రౌండ్లు వేసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను, ఎక్కువగా బయటి దేశాల టీవీ సిరీస్‌లకి. కొత్తగా చేరిన పిల్లలకి ఈ సినిమాలు ఆపి ఆపి చూపిస్తూ పాఠం చెప్పడం నా పనిలో భాగం. ఇంట్లోవాళ్లకి, అసలు కార్టూన్ అంటేనే మొహం తిప్పుకునే స్నేహితులకి చూపించడం నా పిచ్చి. అందుకే ఎవరు ఎక్కడ చూడటం ఆపేస్తారో కొంత తెలుసు. బాయిలర్ గది దగ్గర ఆపింది మీరొక్కరే కాదు లెండి.

ముందు ఆ బాయిలర్ గది సంగతే చూద్దాం. చిహిరో అనే పదేళ్ల అమ్మాయి, అమ్మానాన్నలు పందులైపోయారు, ఏడుస్తూ ఎవరో చెప్పిన మాట పట్టుకుని ఆ గదికి వచ్చింది. కిందంతా నల్లని మసి ఉండలు, తమకంటే పెద్ద బొగ్గు ముక్కలు మోస్తుంటాయి. ఒకటి ఆ బరువు కింద నలిగిపోతే చిహిరో జాలిపడి బొగ్గు ఎత్తుతుంది. ఎత్తాక ఎక్కడ పెట్టాలో తెలియదు. ముసలాయన ఏమంటాడు? మొదలుపెట్టిన పని పూర్తి చెయ్యి అంటాడు. ఆమె తడబడుతూ వెళ్లి పొయ్యిలో వేసి వస్తుంది. అది చూసి మిగతా మసి ఉండలన్నీ కావాలనే బొగ్గు కిందపడేసి, మాదీ మొయ్యి అన్నట్టు కూలబడిపోతాయి. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ల మీద పని తోసేసే బాపతు! కాసేపటికి లిన్ అనే పనమ్మాయి వచ్చి చిహిరోని తీసుకెళ్తూ, ఆయనకి థాంక్స్ చెప్పావా అని గదమాయిస్తుంది. అప్పుడు వంగి దణ్ణం పెట్టబోయి తల తలుపుకి కొట్టుకుంటుంది.

కథంతా ఇదే. కారు వెనక సీట్లో కాళ్లు చాపుకుని సణుగుతూ వచ్చిన పిల్ల, పని చెయ్యడం, మాట నిలబెట్టుకోవడం, థాంక్స్ చెప్పడం నేర్చుకుంటుంది. ఆరు చేతులెందుకున్నాయి అని మీరు లెక్క తేలుస్తూ కూర్చుంటే ఇది కళ్ల ముందు నుంచే దాటిపోతుంది. సినిమా కూడా ఆ చేతుల గురించి ఒక్క ముక్క చెప్పదు, చెప్పబోదు. ఆయన మందుల సొరుగులు ఏవి ఎక్కడున్నా కూర్చున్న చోటి నుంచే లాగుతాడు, ఆ పనికి ఆ చేతులు చాలు.

మనం పెరిగిన జానపదాల్లో మాయకి ఒక లెక్క ఉంటుంది. మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది, చిలక మెడ విరిస్తే కథ అయిపోతుంది. ఆ అలవాటుతో ఇక్కడ చిలకని వెతుకుతాం. దొరకదు. ఈ సినిమాల్లో చాలావాటికి విలన్ లేడు, ఉన్నా వాడిని చంపితే సమస్య తీరదు. 'స్పిరిటెడ్ అవే'లో దేవుళ్లు స్నానానికి వచ్చే ఇంటి యజమాని, మంత్రగత్తె యుబాబా, పేర్లు లాక్కుని మనుషుల్ని కట్టుబానిసలు చేసుకుంటుంది, అదే యుబాబా గది నిండా పెరిగిన తన పసివాడి ముందు కరిగిపోయి ముద్దులు పెడుతుంది. కష్టపడిన రోజు చిహిరోని అందరి ముందూ మెచ్చుకుంటుంది కూడా. 1997లో వచ్చిన 'ప్రిన్సెస్ మొనోనోకే'లో ఇనుము తీసే ఊరి నాయకురాలు ఎబోషీ అడవిని నరికి ఇనుము కరిగిస్తుంది, దేవుడి మీదే తుపాకీ ఎత్తుతుంది. ఆమే కుష్ఠురోగుల పుండ్లు కడిగి కట్టు కట్టి, వాళ్లకి పని ఇచ్చి ఉంచుకుంటుంది. వేశ్యావాటికల నుంచి ఆడవాళ్లని డబ్బిచ్చి విడిపించి తీసుకొస్తుంది, కొలిమి దగ్గర తిత్తులు తొక్కేది వాళ్లే. నా సహోద్యోగి ఒకాయన, మాస్ సినిమా మొదటి రోజు మొదటి ఆట తప్పనివాడు, ఇది చూస్తూ ఇంటర్వెల్ టైమ్‌కి "ఇంతకీ మనం ఎవరివైపు?" అని అడిగాడు. ఆ ప్రశ్న పుట్టించడానికే ఆ సినిమా తీశారని చెప్పాను. ఆయనకి నచ్చలేదు, నచ్చనవసరం లేదు కూడా.

ఇక టోటోరోనే ముందు ఎందుకంటే, అందులో అర్థం కాకపోవడానికి ఏమీ లేదు. 1988 సినిమా. ఇద్దరు అక్కాచెల్లెళ్లు, నాన్న, పల్లెటూరి పాత ఇంటికి మారతారు. అమ్మ ఆస్పత్రిలో ఉంది, ఎప్పుడొస్తుందో తెలియదు. పక్కన పెద్ద కర్పూరచెట్టు, దాని లోపల బొచ్చుతో ఓ భారీ జీవి. కథ అంతే. దర్శకుడు హయావో మియజాకి ('స్పిరిటెడ్ అవే', 'మొనోనోకే' కూడా ఆయనవే) చిన్నప్పుడు వాళ్లమ్మ వెన్నెముక క్షయతో ఏళ్ల తరబడి మంచాన ఉంది, ఆ బెంగ సినిమాలో ఎక్కడా ఏడుపుగా బయటపడదు కానీ అడుగున ఉంటూనే ఉంటుంది. పెద్దమ్మాయి సత్సుకి పొద్దున్నే లేచి అందరికీ లంచ్ బాక్సులు కడుతుంది చూడండి, ఆ సీన్‌లో ఎవరూ ఏమీ చెప్పరు, ఆ పిల్ల ఎంత త్వరగా పెద్దదైపోయిందో చేతులు చెప్తాయి.

బస్‌స్టాప్ సీన్ గురించి మాత్రం కొంచెం ఎక్కువ రాస్తాను, భరించండి. సాయంత్రం, వాన. నాన్న గొడుగు మర్చిపోయాడని పిల్లలిద్దరూ గొడుగు పట్టుకుని ఎదురుచూస్తుంటారు. బస్సు వస్తుంది, నాన్న అందులో లేడు. చీకటి పడుతుంది. చిన్నది నిద్రకి తూలుతుంటే అక్క వీపున ఎత్తుకుంటుంది, గొడుగు మెడకీ భుజానికీ మధ్య ఇరికించుకుంటుంది. ఇంతసేపూ ఏమీ జరగదు. మామూలు సినిమా అయితే ఇదంతా రెండు షాట్లలో తేల్చేసేవాళ్లు. ఇక్కడ మనల్ని కూడా ఆ వానలో నిలబెడతారు. గొడుగు అంచు కింద నుంచి గోళ్లున్న పెద్ద పాదాలు కనిపించేసరికి మనం ఎంత తడిసిపోయి ఉంటామంటే, పక్కన ఓ వింతజీవి వచ్చి బస్సు కోసం నిలబడటం సహజంగానే అనిపిస్తుంది. నెత్తిమీద ఆకు పెట్టుకుని ఉంటుంది పాపం. అక్క నాన్న గొడుగు దానికి ఇస్తుంది. చెట్టు మీద నుంచి పెద్ద చుక్కలు గొడుగు మీద టపటపా పడతాయి, ఆ చప్పుడు దానికి నచ్చేస్తుంది, ఒక్క గెంతు గెంతి చెట్ల మీద నీళ్లన్నీ ఒకేసారి కురిపిస్తుంది. కొత్త పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు ఈ సీన్‌లో మాయ ఏ ఫ్రేమ్‌లో మొదలైందో చూపించమంటాను. ఒక్కొక్కరు ఒక్కోచోట వేలు పెడతారు, కొందరు చీకటి పడి దీపం వెలిగిన చోటే అంటారు.

మియజాకి 2002లో అమెరికన్ విమర్శకుడు రోజర్ ఈబర్ట్‌తో మాట్లాడుతూ చప్పట్లు కొట్టి చూపించాడట, రెండు చప్పట్ల మధ్య ఉన్న ఖాళీ కూడా సినిమాలో కావాలని, అది లేకుండా ఎడతెరిపి లేని హడావిడి పెడితే అది ఊరికే హడావిడే అని. 'స్పిరిటెడ్ అవే' చివర్లో నీళ్ల మీద రైలు వెళ్తుంది, చిహిరో సీట్లో కూర్చుని ముందుకు చూస్తుంటుంది, నీడల్లాంటి మనుషులు ఎక్కి దిగుతుంటారు. అంతే ఉంది అక్కడ. ఫోన్‌లో చూసేవాళ్లు సరిగ్గా అక్కడే పది సెకన్లు ముందుకి జరుపుతారు. అందుకే ఫోన్‌లో వద్దు, టీవీలో చూడండి, గదిలో లైట్లు తగ్గించండి. కాంతి, చినుకులు, గడ్డిమీద గాలి, ఇవన్నీ అరచేతి స్క్రీన్‌లో చచ్చిపోతాయి.

పనివాడిగా ఒక మాట చెప్పుకోవాలి. సినిమా అంటే సెకనుకి 24 ఫ్రేములు. చేత్తో గీసేవాళ్లు సాధారణంగా ఒక బొమ్మని రెండు ఫ్రేములకో మూడు ఫ్రేములకో వాడతారు, అంటే సెకనుకి పన్నెండో ఎనిమిదో బొమ్మలు. 1963లో ఒసాము తెజుకా 'ఆస్ట్రో బాయ్' టీవీకి చేసినప్పటి నుంచి జపాన్ టీవీ యానిమేషన్ తక్కువ బొమ్మలతో పని కానిచ్చే పద్ధతిలో నడిచింది, నోరొక్కటే కదులుతుంది, తక్కినదంతా బిగుసుకుని ఉంటుంది. తప్పేం లేదు, వారానికో ఎపిసోడ్ ఇవ్వాలంటే అంతే. ఈ మియజాకి సినిమాలు తీసిన స్టూడియో జిబ్లీ వాళ్లు పెద్ద తెరకి చేసేటప్పుడు ఖర్చంతా కదలిక మీద పెట్టారు. 'మొనోనోకే'కి సుమారు 1,44,000 సెల్స్ (పారదర్శకమైన షీట్ల మీద వేసే బొమ్మలు) పట్టాయి, వాటిలో దాదాపు 80,000 మియజాకి స్వయంగా చూసి దిద్దాడని చెప్తారు. 2008 నాటి 'పోన్యో'కి సుమారు 1,70,000 బొమ్మలు. సముద్రపు అలలు కూడా పెన్సిల్‌తోనే గీశారు, కంప్యూటర్ అలలు వద్దనుకుని.

అయితే సంఖ్య కంటే చూపు ముఖ్యం. 'స్పిరిటెడ్ అవే'లో గాయపడిన డ్రాగన్ నోరు తెరిచి చిహిరో మందు కుక్కే సీన్ ఉంది. కుక్కకి మందు మింగించేటప్పుడు ఎలా ఉంటుందో అలా గియ్యండి అన్నాడట మియజాకి. ఆ గదిలో ఉన్న యానిమేటర్లలో ఎవరికీ కుక్క లేదు! చివరికి టీమ్ పశువుల డాక్టర్ దగ్గరికి వెళ్లి కుక్క దవడ ఎలా తెరుచుకుంటుందో చూసి వచ్చింది. లేని డ్రాగన్ నిజమనిపించడానికి కారణం ఆ ఉన్న కుక్క. అదే సినిమాలో కంపు కొట్టే బురద దేవుడు స్నానానికి వస్తాడు, ఒంట్లో గుచ్చుకున్నదేదో లాగితే సైకిల్ బయటికొస్తుంది, వెనకే చెత్తంతా వస్తుంది, తీరా చూస్తే ఆయన ఒక నది. మియజాకి తమ దగ్గర నది శుభ్రం చేసే పనిలో పాల్గొన్నప్పుడు నిజంగానే అందులోంచి సైకిల్ లాగారు. మూసీ పక్కన కాపురం ఉండేవాళ్లకి ఈ సీన్ విడమర్చి చెప్పక్కర్లేదు.

2025 మార్చిలో అందరి ఫోన్లలో ఏఐతో చేసిన 'జిబ్లీ ఫొటోలు' నిండిపోయాయి కదా, పెళ్లి ఫొటోల నుంచి వాట్సాప్ డీపీల దాకా. చాలామందికి జిబ్లీ అంటే ఇప్పటికీ అదే, గుండ్రటి మొహం, పచ్చటి గడ్డి, తెల్ల మబ్బులు. నాకు దాని మీద కోపం ఉంది, దాచుకోను. ఆ సినిమాల్లో మొహాలు నిజానికి చాలా సాదాగా ఉంటాయి. వాటిలో ప్రాణం ఉండేది నడకలో, బరువులో, ఒక పని చెయ్యబోయి ఆగడంలో. మసి ఉండలు తిరిగిచ్చిన షూస్ వేసుకుని చిహిరో పరుగెత్తే ముందు బొటనవేలి వైపు నేలకేసి టకటక కొడుతుంది చూడండి, మడమ సర్దుకోవడానికి. ఆ అర సెకను ఏ ఫొటో ఫిల్టర్‌లో వస్తుంది?

బ్యాక్‌గ్రౌండ్ల గురించి మొదలుపెడితే నన్ను ఆపడం కష్టం, కాబట్టి ఒక్క పేరు చెప్పి వదిలేస్తా: కజువో ఓగా. టోటోరోలో ఆ పల్లె, ఆ పొలాలు, ఆ చెట్టు ఆయన చేతి చలవే, పోస్టర్ కలర్స్‌తో వేసినవి. టోక్యో శివారు సయామా కొండల ప్రాంతం ఆధారంగా వేశారు. ఆ పెద్ద చెట్టుకి తాడు కట్టి ఉంటుంది, పక్కనే చిన్న గుడి. నాన్న పిల్లల్ని చెట్టు ముందు నిలబెట్టి, మా అమ్మాయిని చూసుకున్నందుకు థాంక్స్ అని వంగి నమస్కారం చేయిస్తాడు. మా అమ్మకి జపనీస్ రాదు, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ చదవదు, నేను పక్కన కూర్చుని కథ చెప్తూ చూపించాను. ఈ సీన్ దగ్గర మాత్రం నన్ను చెప్పనివ్వలేదు, తెలుస్తోందిలే అంది. రావిచెట్టుకి దారం చుట్టి ప్రదక్షిణ చేసేవాళ్లకి, పొలిమేరలో పోచమ్మ రాయికి పసుపు పూసేవాళ్లకి అక్కడ పరాయితనం ఉండదు. జపాన్‌లో ఎనభై లక్షల దేవుళ్లు అని ఒక వాడుక ఉంది, నదికీ కొండకీ ముల్లంగికీ కూడా ఒక్కో దేవుడు. 'స్పిరిటెడ్ అవే'లో ఆ స్నానాల ఇంటికి వచ్చే కస్టమర్లు వాళ్లే. పని చేసి అలిసిపోయి వేడినీళ్ల స్నానానికి వస్తారు. ఇది తెలిస్తే సినిమా సగం విడిపోతుంది, మీకు అర్థం కాకపోయిన 'రూల్స్'లో ముఖ్యమైనది ఇదే.

డబ్బింగ్ సంగతి. జపనీస్ ఆడియోకి నేను పట్టుబట్టడానికి కారణముంది. ఇంగ్లిష్ వెర్షన్లలో మంచి నటులున్నారు కానీ, మౌనం ఉన్నచోట మాటలు నింపారు. 'స్పిరిటెడ్ అవే' చివర్లో కారులో తండ్రి కొత్త ఇల్లు కొత్త స్కూలు అంటే భయమేగా అంటాడు, నేను చూసుకోగలను అని చిహిరో జవాబిస్తుంది. ఇంగ్లిష్‌లో మాత్రమే! అసలు సినిమాలో ఆ మాటలు లేవు. 'కికీ' డిస్నీ డబ్బింగ్‌లో పిల్లి జిజికి లేని జోకులన్నీ పెట్టారు. అంతకుముందు మియజాకిదే 1984 నాటి 'నౌసికా'ని అమెరికాలో ఇరవై నిమిషాలకి పైగా కోసి వేరే పేరుతో వదిలారు, ఆ మంటతోనే జిబ్లీ వాళ్లు తర్వాత ఒక్క కట్ కూడా ఒప్పుకోం అని గట్టిగా కూర్చున్నారు. చిన్న పిల్లలకైతే ఇంగ్లిష్ డబ్బింగ్ పెట్టండి, ఫర్వాలేదు.

పిల్లల మాట వచ్చింది కాబట్టి ఇంకో జాగ్రత్త. యానిమేషన్ కదా అని అన్నీ పిల్లలకి పెట్టకండి. 'మొనోనోకే'లో బాణం దెబ్బకి చేతులు, తలలు తెగి పడతాయి. అమ్మానాన్నలు పందులయ్యే సీన్‌కి మా మేనకోడలు జడుసుకుని రెండు రోజులు నా పక్కనే పడుకుంది. 'స్పిరిటెడ్ అవే'కి ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా ఆగితే మంచిది. సతోషి కోన్ తీసిన 'పాప్రికా' (2006) కలల మీద అద్భుతమైన సినిమా, అది పూర్తిగా పెద్దలది. 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్' జిబ్లీదే, టోటోరోతో కలిపి ఒకే టికెట్ మీద విడుదలైంది, కానీ అది ఫాంటసీ కాదు, యుద్ధంలో ఆకలితో పోయే పిల్లల కథ. ముందే తెలుసుకుని చూడండి.

టోటోరో తర్వాత కికీ ఎందుకంటే, పదమూడేళ్ల మంత్రగత్తె పిల్ల ఒక ఏడాది సొంతంగా బతకాలని ఊరొదిలి సిటీకి వస్తుంది, బేకరీ మీద గదిలో ఉంటూ చీపురు మీద పార్సిళ్లు అందిస్తుంది. ఒకరోజు ఎగరడం రాదు. శాపం లేదు, శత్రువు లేడు, ఊరికే రాదు. అమీర్‌పేట హాస్టల్లో ఉండి ఉద్యోగం వెతుక్కున్నవాళ్లకి ఆ వారం ఎలా ఉంటుందో తెలుసు.

మీకు నెమ్మది అస్సలు పడదు, కథ పరుగెత్తాలి, పాటలు కావాలి అంటే ఆ దారి వేరే. మకోతో షిన్‌కాయ్ 'యువర్ నేమ్' (2016) చూడండి, టోక్యో అబ్బాయి, కొండల్లో ఊరి అమ్మాయి ఒకరి ఒంట్లోకి ఒకరు మారిపోతుంటారు, మధ్యలో గట్టి మలుపు ఉంది. మనవాళ్లకి తొందరగా ఎక్కేది ఇదే. ఆయన 'వెదరింగ్ విత్ యు' ఇక్కడి అభిమానులు ఆన్‌లైన్‌లో సంతకాలు సేకరించి అడిగితే 2019 అక్టోబర్‌లో మన థియేటర్లకి వచ్చింది. ఆయనదే 'సుజుమె'లో 2011 భూకంపం, సునామీ నేరుగా ఉన్నాయి. నా వరకు 'యువర్ నేమ్' రెండోసారికి కాస్త పలచబడింది, టోటోరో పలచబడలేదు. తల్లిదండ్రులైనవాళ్లకైతే మమోరు హోసోదా 'వోల్ఫ్ చిల్డ్రన్' (2012). భర్త పోయాక, సగం తోడేళ్లైన ఇద్దరు పిల్లల్ని పెంచే తల్లి. కూతురికి ఒంట్లో బాగోకపోతే పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లాలా పశువుల డాక్టర్ దగ్గరికా అని నడిరోడ్డు మీద నిలబడిపోతుంది, నవ్వూ వస్తుంది, కడుపులో తిప్పినట్టూ ఉంటుంది.

తెలుగులోనే కావాలంటే, యుగో సాకో, రామ్‌మోహన్, కోయిచి ససాకి కలిసి చేసిన 'రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ' ఉంది. 1990లలో చేసింది, 2025 జనవరిలో తెలుగు డబ్బింగ్‌తో థియేటర్లకి వచ్చింది. కథ తెలిసిందే కాబట్టి మీ దృష్టంతా బొమ్మల మీద పెట్టొచ్చు, అదో సౌకర్యం. 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్' కూడా 2025లో తెలుగులో వచ్చింది, కానీ అది సిరీస్‌కి కొనసాగింపు, నేరుగా చూస్తే మళ్లీ బాయిలర్ గది పరిస్థితే.

ఎక్కడ చూడాలంటే, జిబ్లీ సినిమాలు 2020 నుంచి మన దగ్గర నెట్‌ఫ్లిక్స్‌లో ఉన్నాయి, ఒకసారి వెతికి చూసుకోండి, ఇలాంటివి మారుతుంటాయి. జిబ్లీలోనే ఇసావో తకాహత తీసిన 'టేల్ ఆఫ్ ది ప్రిన్సెస్ కగుయా' (2013) మాత్రం ఇప్పుడే పెట్టుకోకండి. వెదురు బొంగులో దొరికిన పిల్ల కథ, ఎనిమిదేళ్లు పట్టింది తియ్యడానికి, నీటిరంగులూ బొగ్గు గీతలూ. నాకు అన్నింటిలోకి అదే ఎక్కువ ఇష్టం. కానీ ఐదారు చూశాక దాని దగ్గరికి రండి, అందులో ఆమె భవంతిలోంచి పరుగెత్తే సీన్‌లో గీతలు ఎందుకు చెదిరిపోతాయో అప్పటికి మీకే తెలుస్తుంది.

టోటోరో చూశాక ఇక్కడే కింద రాయండి. నచ్చిందా లేదా అని కాదు, ఎక్కడ విసుగొచ్చిందో రాయండి. తర్వాత ఏది చూడాలో దాన్నిబట్టి చెప్తాను.